పన్ను పీకించుకున్న రోజు చదివిన వాంగ్మూలం

మొన్న మన్నెగూడలో పళ్ల డాక్టరు నా కింది దవడ పన్ను పీకి, నాలుగు రోజులు ఎక్కువ మాట్లాడవద్దని చెప్పినప్పుడు మా ఆవిడ ముఖంలో కనిపించిన ప్రశాంతత గురించి నేనేమీ అనను. దూది కరుచుకుని ఇంటికి వస్తుంటే మాత్రం, పదేళ్ల కిందట, కోర్టులో టైపిస్టుగా ఉన్నప్పుడు పీకించుకున్న మరో పన్ను గుర్తొచ్చింది.

టైపు హయ్యరు పాసయితే జీవితం ఒడ్డున పడ్డట్టేనని నమ్మిన తరం మనది. నేనూ ఆ నమ్మకంతోనే చేరి, సాక్షి నోరు తెరవకముందే జవాబు టైపు చేయగల ప్రావీణ్యం సంపాదించాను. అతిశయోక్తి కాదు, దురదృష్టవశాత్తు. వకీలు తేదీ అడిగి, సాక్షి దిక్కులు చూస్తే, ‘గుర్తు లేదు’ అని నా వేళ్లు వాటంతట అవే రాసేసేవి. వాంగ్మూలం అయ్యాక సాక్షికి చదివి వినిపించి సంతకం తీసుకోవాలన్నది నియమం. నేను దాన్ని బస్సు కండక్టరు స్టాపుల పేర్లు అరిచినంత వేగంగా ముగించేవాణ్ణి, ఇంటికి పోవచ్చన్న ఆనందంలో సాక్షులూ సంతకం పెట్టేవారు.

ఆ రోజు సాక్షి, చెరువులో చేపలు పట్టుకు బతికే కుటుంబంలోని ఒక తల్లి. భర్త తన గడప తొక్కకుండా రక్షణ ఉత్తర్వు ఇవ్వమని అర్జీ పెట్టుకుంది. ఒంటిమీద మచ్చ లేదు, దవాఖాన కాగితం లేదు. ఏ రోజు కొట్టాడు, ఏ రోజు చంపుతానన్నాడు అని భర్త తరఫు వకీలుగారు నాలుగుసార్లు అడిగితే, ఆమె నాలుగుసార్లూ బోను చెక్క పట్టుకుని నిలబడింది; నేను నాలుగుసార్లూ ‘గుర్తు లేదు’ అని రాశాను. ఏమీ గుర్తులేని మనిషికి రక్షణ దేనికన్న వాదన తయారైపోయినందుకు వకీలుగారు తృప్తిగా ఫైలు మూసుకున్నారు.

అయితే ఆ ఉదయమే నేను పన్ను పీకించుకుని వచ్చాను. దవడ వాచి, మాటమాటకూ ఆగుతూ చదువుతుంటే మా బంట్రోతు చెవి దగ్గరికొచ్చి, “ఏంది సారూ, ఇయాల గూడ్సుబండి లెక్క నడుస్తున్నవ్” అన్నాడు. ఆ గూడ్సుబండి వేగం వల్లనే ఆమెకు నా చదువు అర్థమైంది.

“గుర్తు లేదని నేనెప్పుడన్న సారూ? అంత గుర్తున్నది. నోట్లకెళ్లి వస్తలేదు.”

మేజిస్ట్రేటు మేడమ్ కలం పక్కన పెట్టి, తొందరేం లేదు, ఏమవుతోందో చెప్పమన్నారు.

“చెప్పబోతే ఆయన దర్వాజ కాడ నిలవడ్డట్టే ఉంటది మేడం. నా బిడ్డ గిన్నె కింద వడేసినా మూలకు వోయి కూసుంట. నిద్ర వడ్తలేదు.”

మేడమ్ నా నాలుగు ‘గుర్తు లేదు’లనూ కొట్టివేయించి, వాటి చోట తాను కళ్లతో చూసింది రాయించారు: సాక్షి మౌనంగా ఉంది, చేతులు వణుకుతున్నాయి. దిద్దిన ప్రతిచోటా పొట్టి సంతకం పెడుతూ తలెత్తి నన్ను చూశారు. నా ఉద్యోగంలో అంత దీర్ఘమైన తిట్లు మరెప్పుడూ తినలేదు. తరువాత ఆమెను మానసిక వైద్యుల దగ్గరికి పంపి, వారి నివేదిక తెప్పించుకుని, భయంతో తేదీలు చెప్పలేకపోవడం అబద్ధానికి రుజువు కాదనీ, మనసుకు తగిలిన దెబ్బ కూడా దెబ్బేననీ రాసి ఉత్తర్వు ఇచ్చారు.

రెండేళ్ల తరువాత ఇబ్రహీంపట్నంలో చేపలు కొంటుంటే, పక్క దుకాణంలో తరాజు సిబ్బి ఖంగుమని కిందపడింది. నేను ఎగిరిపడ్డాను. చేప పొలుసు గీకుతున్న ఆమె తలైనా తిప్పలేదు.

“గంత భయపడ్తవేంది సారూ?” అని నవ్వి, నన్ను తేరిపార చూసి, “దవడ వాపు తగ్గిందా?” అంది. అవును, ఆమెకు అంతా గుర్తుంది.

ఆ మేడమ్‌కు, ఆ తల్లికి, పేరూ ఊరూ లేని ఆ పన్నుకు నేనెప్పటికీ కృతజ్ఞుణ్ణి. ఇప్పుడు మాటను విన్నది విన్నట్టు అక్షరాల్లో పెట్టే యంత్రాలు వస్తున్నాయట, నాకంటే వేగం, నాకంటే తప్పులు తక్కువ, సంతోషమే. ఎవరైనా బోను చెక్క పట్టుకుని ఊరకే నిలబడితే అవి ఏమని రాస్తాయో మరి. వాటికి పన్నునొప్పి కూడా రాదు కదా.