అది దూదే, అయ్యవారూ

1988లో పీర్ల పండగ అయిపోయాక వచ్చిన మూడో ఆదివారం, పొద్దున పదిన్నరకు ఐదు నిమిషాలు తక్కువ. అప్పటికి నాకు అక్షరాలు రావు గానీ గడియారం చూడడం వచ్చు. పెనుకొండలో మా వీధి గుమాస్తాగారింట్లో టీవీకి పైన గోడ గడియారం ఉండేది. ఆ టైములో, నేను చాప మీద కూర్చుని ఉండగా, ఆ ఇంటి ఇల్లాలి తమ్ముడు అందరి ముందూ నేను అబద్ధాలు చెబుతున్నానన్నాడు.

నిజమే, చెప్పాను. అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను.

ఆ రోజుల్లో ఆదివారం పొద్దున హిందీలో ఒక సీరియల్ వచ్చేది. ఏళ్ల తరబడి వచ్చింది. దాని అసలు పేరు మా వీధిలో ఎవరి నోరూ తిరగలేదు. మేం ‘ఆకాశమిల్లు’ అనేవాళ్లం. గుండ్రటి ఇనప ఇంట్లో ఒక తెల్లగడ్డం ముసలాయన, ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలు ఆకాశంలో తిరుగుతుంటారు. వారానికో కొత్త లోకంలో దిగుతారు. ఆ ఇంటి తలుపు ఉస్సుమని దానంతటదే తెరుచుకుంటుంది. ఆ ఉస్సు వినపడగానే వీధిలో ఎక్కడి పని అక్కడ ఆగిపోయేది.

మొన్న మా మనవరాలు ఫోన్లో ఎక్కడో ఆ సీరియల్ ముక్క వెతికిపట్టి నాకు చూపించి ఒకటే నవ్వు. “అవ్వా, అది అట్ట! ఆ తలుపును ఎవరో వెనక నుంచి లాగుతాండారు చూడు. దీనికా మీరంతా ఎగబడింది?” అంది. అట్ట అని మాకు తెలియదా? చెప్పుల అట్టపెట్టె చూడలేదా మేం? తెలిసే చూశాం. ఇది అలా నవ్వేవాళ్ల కోసమే రాస్తున్నాను.

గుమాస్తాగారు ఆ టీవీని హిందూపురంలో కొని, ఒడిలో పెట్టుకుని బస్సులో తెచ్చారు. మొదట్లో నేను కిటికీ దగ్గర చూసేదాన్ని. కమ్మీలు పట్టుకుని, ముందున్న వాళ్ల తలల సందులో నుంచి. ముసలాయన గడ్డం కనిపిస్తే పిల్లలు కనిపించేవారు కాదు. వాన వస్తే మా నెత్తి మీదే పడేది. లోపల చాప, పైన ఫ్యాను.

ఆ ఇంట్లో ఒక అవ్వ ఉండేది, ఇల్లాలికి అత్త. కళ్లల్లో పొర కమ్మి బొమ్మ సరిగా ఆనేది కాదు. చెవులు మాత్రం గట్టివి. ఆమెకు హిందీ రాదు, ఆ ఇంట్లో ఎవరికీ రాదు. “ఏమంటాండాడు? ఏమంటాండాది?” అని ఆమె అడుగుతూనే ఉండేది. ఒక ఆదివారం ఇల్లాలు విసుగెత్తి కిటికీ వైపు చూసింది.

“ఏమే, మీ సాయిబులకు హిందీ వస్తాది గదా! లోపలికి రా. ఈమెకు కొంచెం చెప్పు.”

మాది దూదేకుల ఇల్లు. దూది ఏకి పరుపులు కుట్టడం మా పని, ఇంట్లో తెలుగు మా మాట. మా నాయనకు ఉర్దూ రాదు, ఆయన నాయనకూ రాదు. ఊరికి మాత్రం సాయిబులంటే పుట్టుకతోనే ఆ భాష వచ్చేసినట్టు. రాదంటే నాకు మళ్లీ కిటికీయే.

“వస్తాదమ్మా,” అన్నాను. చెప్పులు బయట విడిచి లోపలికి పోయాను.

మొదటి వారం చెమటలు పట్టాయి. తర్వాత కిటుకు తెలిసింది. మాట వినకూడదు, ముఖం చూడాలి. ఆ ఆడమనిషి ప్రతి వారమూ ఒక చిన్న అద్దాల కిటికీ లోంచి బయటికి చూస్తూ ఉంటుంది. ఎవరి కోసమో గదా అనిపించింది. ముసలాయన మామ, ఆమె కోడలు అన్నాను. ఆమె మొగుడు ఆకాశంలో తప్పిపోయాడు, అతన్ని లోకం లోకం తిరిగి వెతుకుతున్నారు అన్నాను. నా మొగుడు ఎప్పుడూ తప్పిపోలేదు, ఇంట్లోనే మంచం మీద ఉండేవాడు. అందుకేనేమో ఆమె మొగుణ్ణి అంత దూరం పంపించాను.

ముసలాయన ఒక్కోసారి ఆపకుండా మాట్లాడేవాడు. నేను ఒక్క ముక్కలో తేల్చేస్తే అవ్వ పట్టుకునేది.

“అంతసేపు మాట్లాడినాడే, ఇంతేనా?”

“మామ గదవ్వా. చెప్పిందే చెప్తాండాడు.”

“ఆ, మా మామ కూడా అంతే,” అనేది అవ్వ. ఇల్లాలు పక్కకు తిరిగి నవ్వుకునేది.

ఏడాది పైగా అలా సాగింది. వీధిలో పని మీద పోయేటప్పుడు కూడా ఆడవాళ్లు నన్ను ఆపి అడిగేవాళ్లు, ఆ మొగుడు దొరుకుతాడా అని. పరుపుల దాన్ని అలా ఆపి అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఇంకో మాట ఒప్పుకుంటాను. వారమంతా దూది ఏకుతూ నేను కూడా అతని గురించే ఆలోచించేదాన్ని.

ఇక ఆ ఆదివారం. ఇల్లాలి తమ్ముడు ధర్మవరం హైస్కూల్లో హిందీ అయ్యవారు. అక్కను చూడడానికి వచ్చి, కుర్చీలో కూర్చుని, నేను చెప్పేది కాసేపు విన్నాడు. తర్వాత పకపకా నవ్వాడు.

“ఏమక్కా, ఈమె మిమ్మల్ని ఏమార్చింది! ఆయన మామ కాదు, ఆమెకు నాయన. వాళ్లు వెతికేది మొగుణ్ణి కాదు. భూమ్మీద నీళ్లయిపోతే, నీళ్ల కోసం పోతాండారు!”

చాప మీద నా పక్కనున్న హోటలామె నోరు తెరిచింది.

“నీళ్లకా? నీళ్లకైతే మేమే దినామూ బిందెలెత్తుకోని పోతాండాము. దానికి టీవీ యెందుకప్పా?”

“కథ అది,” అన్నాడు అయ్యవారు. నా వైపు తిరిగాడు. “నీకు హిందీలో ఒక్క మాటన్నా వస్తాదా?”

“రాదు.”

“అక్షరమ్ముక్క?”

“అదీ రాదు.”

ఇల్లాలి ముఖం ఎర్రబడింది. “లెయ్. ఇన్ని దినాలు మా ఇంట్లో కూర్చోని మాకే అబద్ధాలు చెప్తావా? లేసి బయటికి పో.”

కిటికీ అవతల ఉన్నవాళ్లు ఎవరో కిసుక్కుమన్నారు. నేను లేస్తే, ఆ కమ్మీల దగ్గర వాళ్లు నాకు చోటు కూడా ఇవ్వరు. ఆ నవ్వు మధ్య నిలబడాలి. నేను లేవలేదు. టీవీ వైపే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడే తెర మీద ఆకాశమిల్లు తెల్లటి మబ్బుల్లోకి పోతోంది. మిద్దె మీద గుమాస్తాగారు ఆంటెన్నా తిప్పి “వచ్చిందా?” అని కేకేశారు. ఆ రోజు బొమ్మ ఎన్నడూ రానంత బాగా వచ్చింది. అయ్యవారు అక్కకు పాఠం చెబుతున్నట్టు వేలు చూపించాడు.

“అది చూడక్కా. దాన్ని నీహారిక అంటారు. నక్షత్రాలు పుట్టే చోటు. కోట్ల మైళ్ల దూరంలో ఉంటాది.”

“అది దూదే, అయ్యవారూ,” అన్నాను.

“ఏమన్నావు?”

“దూది. అదీ సరిగా ఏకలేదు. ఉండలుండలుగా ఉంది. కింద మూలన నల్లగా కనపడతాండాది చూడు, గింజ. గింజ కూడా తియ్యకుండా పెట్టినారు. మా ఇంట్లో అట్లా ఏకితే మా నాయన దూదేకే విల్లు తీసుకోని కొట్టేవాడు.”

హోటలామె మోకాళ్ల మీద పాకి టీవీ దాకా పోయింది. “అవునమ్మో, గింజే!” అని అరిచింది. ఈసారి కిటికీ అవతల నవ్వింది నన్ను చూసి కాదు. అయ్యవారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు. గింజ గింజే గదా.

ఇల్లాలు మాత్రం తగ్గలేదు. “దూది తెలిస్తే భాష వచ్చినట్టా? లెయ్.”

“లెయ్యనమ్మా. భాష రాదని ఒప్పుకుంటిని. నువ్వు పిలిస్తే వచ్చి కూర్చున్నా. సాయిబులైతే వస్తాదని నువ్వే అనుకుంటివి. ఆ తప్పులో సగం నీది. నువ్వూ లేస్తే నేనూ లేస్తా.”

అవ్వ అప్పుడు మాట్లాడింది. నన్ను వెనకేసుకు రాలేదు. ఆమెకు కోపం వచ్చింది. “అయితే మొగుడే లేడా?” అంది. “ఇన్నాళ్లూ లేని వాని కోసమా నేను కాచుకున్నది?” అని మొహం తిప్పేసుకుంది. ఆ ఒక్క మాటకే నాకు మనసు చివుక్కుమంది. మిగతా అరగంట అయ్యవారే చెప్పాడు, తప్పు లేకుండా. నేను చాప మీదే కూర్చుని అంతా విన్నాను. బాగుందనే చెప్పాలి. నీళ్ల కథ బాగుంది.

మర్నాడు పొద్దున బస్సుకు ఆయన ధర్మవరం పోయాడు. ‘అక్షరమ్ముక్క’ అని ఆయన అన్న తీరు మాత్రం నాలో ఉండిపోయింది. కొన్నేళ్లకు మా వీధిలో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెడితే, మొదటిరోజే పలక పట్టుకుని పోయింది ఆ కోపంతోనే. ఇప్పుడు ఈ రాస్తున్న అక్షరాలు అవే.

తర్వాతి ఆదివారం ఎవరూ పిలవలేదు. అయినా పోయాను. గడప దాటి నా చోటులో నేను కూర్చున్నాను. ఇల్లాలు చూసి పెదవి బిగించింది. ఉస్సుమని తలుపు తెరుచుకుంది. ముసలాయన మాట్లాడడం మొదలుపెట్టాడు. చాలాసేపు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నేనూ నోరు తెరవలేదు.

“చెప్పు,” అంది అవ్వ.

“నాకు రాదు గదవ్వా. అందరికీ తెలిసింది గదా.”

“రాదని తెల్సులే, చెప్పు. వాడు దొరికినాడా, లేదా?”

ఇల్లాలు లేచింది. నన్ను లేపడానికే అనుకున్నాను. ఆమె టీవీ దగ్గరికి పోయి, గుండీ తిప్పి, హిందీ వినపడకుండా శబ్దం బాగా తగ్గించి, వచ్చి కూర్చుంది.

నేను చెప్పాను. ఆ సీరియల్ ఆగిపోయే దాకా చెప్పాను. నీళ్లు కూడా కలిపాను. మొగుడు నీళ్ల కోసం పోయి తప్పిపోయాడని.

ఇదీ కల్పించిందే అనేవాళ్లు ఉంటారు. అందుకే ఆ మూడో ఆదివారం అక్కడ ఉన్నవాళ్లను చెబుతున్నాను. మంచం మీద అవ్వ. గోడకానుకుని ఇల్లాలు. మిద్దె మీద, కింద జరిగింది ఏమీ తెలియకుండా, గుమాస్తాగారు. కుర్చీలో ధర్మవరం అయ్యవారు. టీవీకి ముక్కు ఆనించి హోటలామె. కిటికీ అవతల కమ్మీలు పట్టుకుని ఆరేడుగురు. ఇవతల, చాప మీద, నేను.