పందికొక్కు కన్నంలో దొరికిన ఇంగ్లీషు మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో నా నోరు మూయించగలిగిన మనిషి మా తాతయ్య ఒక్కరే. అదీ గొంతు పెంచకుండా.

ఆ ఏడు నన్ను ఊళ్ళో బడి మాన్పించి రాజమండ్రి కాన్వెంటులో వేశారు. తెలుగులో ఒకటికి పది అనే నేను, అక్కడ ఇంగ్లీషు రాక మూగదానిలా కూర్చునేదాన్ని. నోరు విప్పితే పిల్లలు నవ్వేవారు. ఇక వెళ్ళనని తెగేసి చెప్పాను. సోమవారం వెళ్ళకపోతే పేరు తీయించేస్తానన్నారు నాన్న. తీయించెయ్యమన్నాను.

ఆదివారం పొద్దున్నే తాతయ్య గునపం భుజాన వేసుకుని నన్ను చేలోకి తీసుకెళ్ళారు. కోతలైపోయాయి. పొగమంచులో కాలవ ఎక్కడ ఆగిందో, చేను ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కొబ్బరిచెట్ల తలలు మాత్రం దేనికీ అంటుకోకుండా తేలుతున్నాయి. గట్టు వారన పందికొక్కు కన్నం తవ్వారు తాతయ్య. లోపల, చల్లటి మట్టిలో, ఎవరో పేర్చిపెట్టినట్టు వరి కంకులు. మా చేలోవే. నిద్రపోతున్నట్టున్నాయి.

"ఇంగ్లీషువాడూ ఇంతేనమ్మా. ఈ పందికొక్కు పేరు మన దగ్గర పట్టుకుపోయి, బాండికూట్ అని తన డిక్షనరీలో దాచుకున్నాడు."

"అబద్ధం తాతయ్యా."

"అయితే రుజువు చెయ్యి. మీ బళ్ళో ఉంటుంది డిక్షనరీ." కంకులు తువ్వాల్లో మూటగట్టి, "నువ్వెలాగూ వెళ్ళవుగా, పోనీలే" అన్నారు.

ఆ 'పోనీలే' నాకు ఈరోజుకీ గిట్టదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

నేనడిగితే టీచరుగారు లావుపాటి డిక్షనరీ తెరిచారు. ఉంది. తెలుగు మాట నుంచి వచ్చిందనీ, పంది ఎలుక అని అర్థమనీ చిన్న అక్షరాల్లో ఉంది. అదెలా ఉంటుందో క్లాసుకి చెప్పమన్నారు. సగంమంది దాన్ని చూడనేలేదు. సగం తెలుగూ సగం ఇంగ్లీషూ కలిపి, కన్నమూ కంకులూ అన్నీ చెప్పాను. పిల్లలు నవ్వారు, కానీ ఈసారి నన్ను చూసి కాదు, పందికొక్కు సంగతి విని.

సాయంత్రం ఓడిపోయిన మొహంతో, మీరన్నది నిజమేనని తాతయ్యకి చెప్పాను.

"ఏంటీ, బడికి వెళ్ళావా?" అన్నారాయన, ఏమీ ఎరగనట్టు.

ఇప్పటికీ కొరుకుడుపడని ఇంగ్లీషు పుస్తకమేదైనా ముందేసుకుంటే, ఆనాటి పొగమంచే చుట్టూ కమ్ముతుంది. నేను మాత్రం లేచిపోను. లోపలెక్కడో, చల్లటి మట్టిలో, మా చేలో కంకులు ఉండే ఉంటాయని తడుముకుంటూ పోతాను.