లెక్క తేలని ఇంటర్నెట్ సెంటర్

మా కామరాజు గారి ముందు ‘సుమారు’ అనే మాట అనకూడదు. అంటే ఆ పూట గడిచినట్టే. ఆయన శ్రీకాకుళం మనిషి, సికింద్రాబాద్‌లో మా గణాంక కార్యాలయంలో నాకు సీనియర్. ఒకరోజు అటెండరు వీరయ్యని టీకి పంపుతూ ఎప్పుడొస్తావని అడిగారు.

“ఓ పది నిమిషాల్ల వస్త సార్.”

“ఓ పదేటి? పదా, పన్నెండా?” అంటూ వాచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. వీరయ్య పరుగెత్తుకొచ్చేసరికి టీ సగం చొక్కా మీదుంది.

అది 2001. సందుకో కంప్యూటర్ కోచింగ్ బోర్డు వేలాడుతున్న రోజులు. ఊళ్లో ఎంతమంది ఇంటర్నెట్ వాడుతున్నారో లెక్క తీయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మోండా మార్కెట్ వెనక స్వర్ణలత నడిపే సెంటర్ మా ఇద్దరికీ పడింది.

“రోజుకి ఎంతమంది వస్తారమ్మా?” అన్నారు కామరాజు గారు.

“సుమారు నలభై మంది సార్.”

నేను కళ్లు మూసుకున్నాను. ఆయన గుమ్మం పక్కకు స్టూలు లాక్కున్నారు. నన్ను ఆఫీసుకి పంపేసి, సెంటర్ మూసేదాకా లెక్కపెట్టారు. టీకో సిగరెట్టుకో బయటికెళ్లి తిరిగొచ్చిన ప్రతివాణ్ణీ “నువ్వు ఇందాకటోడివే కదా?” అని నిలదీశారట. ఆ బాధకి ఒక కుర్రాడు మధ్యాహ్నానికల్లా సిగరెట్టే మానేశాడట.

మర్నాడు రిపోర్టు రాద్దామంటే “లెక్క తేల్లేదు” అన్నారు. మళ్లీ స్టూలు. రెండో వారానికీ తేల్లేదు.

మా ఆఫీసరు దేవకృప మేడమ్ నన్ను పిలిచి కేకలేశారు. “సిటీ మొత్తం రిపోర్టులొచ్చాయి. ఎనిమిది కంప్యూటర్ల సెంటర్ లెక్క మీకు తేలదా? ఇవాళ ఇవ్వకపోతే ఇద్దరికీ మెమో!”

మండిపోతూ ఆయన సొరుగు లాగాను. మొదటిరోజు కాగితంలో కూడిక సరిగ్గా ఉంది. రెండోరోజుదీ అంతే. ఎక్కడా ఒక్క తప్పు లేదు! కాగితాలు పట్టుకుని సెంటర్‌కి బయల్దేరాను. “పదండి, నేనూ వస్తా” అని మేడమ్ కూడా కదిలారు.

మధ్యాహ్నం రెండు, మార్కెట్లో బేరాలు మందగించే వేళ. లోపల ఆకుకూరలమ్మే బుచ్చమ్మ ఒంటివేలితో మీటలు నొక్కుతోంది. పక్కన మరో నలుగురు ఆడవాళ్లు. వాళ్ల వెనకే స్టూలు మీద కామరాజు గారు.

“ఏమిటిది?” అన్నారు మేడమ్.

స్వర్ణలత గొంతు తగ్గించి చెప్పింది. “మొదటిరోజు బుచ్చమ్మ నేర్చుకుంటనని వచ్చింది మేడమ్. బిడ్డ చెప్పే కంప్యూటర్ ముచ్చట్లు సమజైతలేవంట. కాలేజీ పోరలు ఒకటే నవ్వుడు. పాపం, లేచి పోతుంటే ఈ సార్ ఆపిండు. సర్కారు సర్వే నడుస్తున్నది, నవ్వినోళ్ల పేరు, తండ్రి పేరు రాసుకుంట అన్నడు. గంతే, అందరు చుప్! సార్ కూసుంటెనే వస్తమంటున్నరు ఆడోళ్లు.”

నా చేతిలో కాగితాలు చూసి కామరాజు గారు తలొంచుకున్నారు. “మెమో ఇచ్చీండి మేడమ్. తప్పు నాదే.”

మేడమ్ హ్యాండ్‌బ్యాగు నా చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని బుచ్చమ్మ పక్కన కూర్చున్నారు.

“నాకూ రాదు. ఆఫీసులో అడగడానికి సిగ్గేసింది” అన్నారు మెల్లగా.

బుచ్చమ్మ ఆవిడ చేతిని మౌస్ మీద సర్దింది. “గంత గట్టిగ పట్టకు మేడమ్. అది యాడికి పోదు.”