మాంగా అంటే చేప కాదు

ఆ రోజు నేను నా భార్యకు అబద్ధం చెప్పి మామిడికాయ తినిపించాను. చదివేవాళ్లకు ఇదేమంత నేరంగా కనిపించకపోవచ్చు. ఆ మధ్యాహ్నం నాకూ కనిపించలేదు. ఇప్పుడు ఒళ్లు మండేది అందుకే.

అరకులో మాకు చిన్న లాడ్జి ఉంది. నాది సాలూరు. ఆమెది లోయకు పైన, జీపు దిగి నడిచి ఎక్కాల్సిన కొండ ఊరు. వాళ్ల నాన్న ఆ ఊరి పూజారి. ఏటా వేసవిలో ఊరంతా కూర్చుని ఒక రోజు అనుకుంటారు. ఆ రోజు తొలి మామిడికాయలు అమ్మవారికి పెట్టి, తర్వాత అందరూ తింటారు. దాన్ని కొత్త అంటారు. కొత్త అయ్యేదాకా ఆ ఊరివాళ్లెవరూ మామిడి ముట్టరు. ముందే తింటే ఊరికి కీడని నమ్మకం. కడుపుతో ఉండి పులుపు కోసం నోరూరిన ఏడాది కూడా నా భార్య ఆగింది. ఆ సంగతి లాడ్జికి వచ్చినవాళ్లకు టీ ఇస్తూ చెప్పడం నాకు అలవాటు. వాళ్లు ముచ్చటపడేవాళ్లు. మళ్లీ వచ్చేవాళ్లు. ఆమె నిష్ఠను నేను టీతోపాటు అమ్ముకున్నాను.

ఈ వేసవిలో లాడ్జి మూసి, విశాఖలో ఓడ ఎక్కాం. పుదుచ్చేరిలో ఓడ ఒడ్డుకు దూరంగా ఆగింది. పడవల్లో దించారు. మధ్యాహ్నం పడవకు తిరిగి రావాలన్నారు. అంతలోపు నడిచి చూడాల్సిన వీధులన్నీ నేను ఫోన్లో గుర్తు పెట్టుకున్నాను. పసుపు గోడల ఇళ్లు, చర్చి, పాత దీపస్తంభం. ఆమె వాటిలో ఒక్కదాన్నీ పట్టించుకోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, చేపలమ్మే ఆడవాళ్ల దగ్గర ఆగిపోయింది. భాష రాకపోయినా బుట్ట అల్లిక వేళ్లతో తడిమి చూసింది. ఒడ్డున నల్లరాళ్ల మీద కూర్చుని, ప్రతి కెరటానికీ కాళ్లు పైకి లాక్కుంది. బేగి రమ్మని నేను నాలుగుసార్లు అరిచాను.

"ఊరు సూడ్డానికొచ్చినావా, ఊరు దాటీడానికొచ్చినావా?" అంది.

ఓడలో మాతోపాటు వచ్చి, మా వెనకే నడుస్తున్న దంపతులు పక్కున నవ్వారు. విశాఖవాళ్లే, తెలుగు అర్థమైంది. నలుగురిలో భార్య చేత మాట పడ్డానన్న కోపం అక్కడ మొదలైంది. అంత చిన్న కోపం.

కాసేపటికి బండి మీద మామిడికాయ ముక్కలు, ఉప్పూ కారం చల్లినవి కొని ఆమెకిచ్చాను. పొట్లం నా చేతిలోకే తోసేసింది. "కొత్త అవనేదు కదా" అంది. ఆ దంపతులు ఏమిటని అడిగారు. లాడ్జిలో చెప్పే కథ మొత్తం చెప్పాను. ఇంత దూరం మీ అమ్మవారికి కనిపిస్తుందా అన్నాడాయన. ఆయనకంటే గట్టిగా నేను నవ్వాను.

తర్వాత నలుగురం ఒక మెస్‌లో కూర్చున్నాం. వడ్డించేవాడు చేపల పులుసు పోస్తూ, మాంగా వేసి చేసిందని గొప్పగా చెప్పాడు. ముక్కలు పులుసులో కరిగిపోయి కనిపించడం లేదు.

"మాంగా అంటే ఏటి?" అని ఆమె నన్నడిగింది.

లాడ్జికి వచ్చే తమిళుల పుణ్యమా అని అది మామిడికాయని నాకు తెలుసు. "చేప పేరు" అన్నాను. ఆమె మళ్లీ పులుసు వేయించుకుంది. నేను ఆ దంపతులకేసి చూసి కన్ను గీటాను.

తిరుగు పడవలో అసలు సంగతి చెప్పేశాను. వాళ్లు నవ్వారు. నా భార్య ఏడవలేదు. వంగి సముద్రపు నీళ్లు దోసిట్లోకి తీసుకుని నోరు పుక్కిలించి, నావైపు తిరిగింది.

"నవ్వుకోడానికి నీకు నా నోరే దొరికిందా?"

ఓడలో ఇంకొక్క మాటే అంది. ఈ ఏడు కొత్తకు వెళ్లనని. అయ్య ముందు నిలబడి, తిననేదని అబద్ధమాడలేనని. అమ్మవారి దగ్గరికి కాయల బుట్ట మోసుకెళ్లేది ఏటా ఆమే.

అరకు వచ్చాక కూడా నా కోపం ఆమె మీదే. పులుసుకేనా ఇంత రాద్ధాంతం అని లోపల గొణుక్కున్నాను. ఒక ఉదయం టీల దగ్గర ఎవరో అడిగితే, నా నోరు దానంతటదే ఆ కథ ఎత్తుకుంది. ఆమె కప్పులు పెడుతూ ఆగి, నావైపు చూసింది. కథను సగంలోనే ఆపేశాను. ఆ నోటిని కొట్టుకోవాలనిపించింది. నేనేనా ఇది? ఆమె ఆకలి దాచుకున్న ఏడాదిని అమ్ముకున్నవాణ్ని, ఒక్క మాట పడలేక ఆమెను నవ్వులపాలు చేసినవాణ్ని?

ఆ రోజే కొండెక్కాను. కొత్త ఎప్పుడో అనుకోవడానికి ఊరు కూర్చుని ఉంది. మాంగా అంటే చేప పేరని అబద్ధమాడి తినిపించానని అందరి ముందూ చెప్పాను. మామగారు తల ఎత్తకుండా విన్నాడు.

"నా గుంట తెలిసి తిననేదు. దానికి కీడు అంటదు. నీకంటాది, బాబూ."

వెనకనుంచి ఒక ముసలమ్మ అడిగింది: "మాంగా సేప ఏ గెడ్డలో దొరుకుతాది అల్లుడా? మాకూ ఓటి పట్టుకురా."

ఊరంతా నవ్వింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఈ నవ్వు నాకు రావలసిందే. నవ్వులు ఆగాక మామగారు, ఈ ఏడు నీకు కొత్త లేదన్నాడు. సరే మావా అన్నాను.

కిందికి దిగి మామగారి మాట ఆమెకు చెప్పాను, ఊరు ఎలా నవ్విందో కూడా. క్షమించానని అనలేదు. ముసలమ్మ మాట మాత్రం మళ్లీ చెప్పించుకుంది.

కొత్త రోజున బుట్ట ఆమే మోసింది. ముక్కలు పంచుతూ మామగారు నన్ను దాటి వెళ్లాడు. నా పక్కనే నిలబడి ఆమె తింది. ఆ వేసవంతా నేను మామిడి ముట్టలేదు, ఇంట్లో పచ్చడి జాడీ కూడా తెరవలేదు.

లాడ్జిలో ఆ కథ చెప్పడం మానేశాను. మళ్లీ వచ్చినవాళ్లు ఎవరైనా గుర్తు చేస్తే, ఆవిణ్ణి అడగండి అంటాను. ఆమె చాలాసార్లు ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోతుంది. వాళ్లు నావైపు చూస్తారు. నేను నోరు మూసుకుని కూర్చుంటాను.