మూల నుంచి మూలకు రెండు గీతలు

పోయినవి ముందు రాస్తాను. నా భార్య కుడి తొడ ఎముక రెండు ముక్కలైంది. ఎడమ కాలి చెప్పు నదిలో పడిపోయింది. ఐదు రోజుల టూరులో మూడు రోజులు పోయాయి. దవాఖానలో పదకొండు రోజులు, తర్వాత ఇంట్లో మంచం మీద నాలుగు నెలలు. ఐదు లక్షల పదహారు వేల నాలుగు వందల రూపాయలు. ఆ రూపాయలు మాత్రం నావి కావు.

నేను వరంగల్‌లో ఒక విత్తనాల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఎవరూ నేర్పలేదు. పదో తరగతి తప్పి దుకాణంలో చేరాక పాత ఖాతా పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. అమ్మకాలు బాగున్న డీలర్లను కంపెనీ వాళ్లు ఏటా విదేశం తిప్పుతారు. ఆ ఏడు మా సేటుకు మోకాళ్ల నొప్పులు. తన వంతు రెండు సీట్లు మాకిచ్చాడు. బ్యాంకాక్.

విమానంలో అందరూ మబ్బులు చూస్తుంటే నేను బీమా కాగితాలు ఇరవై ఎనిమిది పేజీలూ కూడబలుక్కుని చదివాను. మొదటి వంద డాలర్లు, అంటే ఎనిమిది వేల నాలుగు వందలు, మనమే భరించాలి. మిగతాది కంపెనీ ఇస్తుంది. అసలు బిల్లులు పంపాలి. పక్క సీట్లో మా ఊరి కాశిబుగ్గ ఎరువుల దుకాణం అన్న నవ్వాడు. "తమ్మీ, విమానం కిందవడ్తదని సదువుతున్నవా?"

మూడో రోజు పడవ దిగుతుంటే తడి చెక్క మీద నా భార్య కాలు జారింది. ఆదివారం. బీమా వాళ్ల ఫోను ఎవరూ ఎత్తలేదు. ముందు పైకం కడితేనే ఆపరేషన్ అన్నారు. నా దగ్గర ఉన్నది ముప్పై ఒక్క వేలు. అన్న ఏమీ అడగకుండా కార్డు తీసి కౌంటర్ మీద పెట్టాడు. అది తొలకరి సరుకు కోసం ఆయన దాచుకున్న పైకమని నాకు తెలుసు. జూన్ మొదటి వారానికల్లా తిరిగిస్తానని మాటిచ్చాను. బీమా ఉంది కదా అనే ధైర్యం.

మూడు బిల్లులు వచ్చాయి. ఆపరేషన్, వార్డుకు మూడు లక్షల ఎనభై ఎనిమిది వేలు. మందులకు డెబ్బై నాలుగు వేల ఆరు వందలు. అంబులెన్సు వాళ్లది విడిగా యాభై మూడు వేల ఎనిమిది వందలు. కట్టినవి కట్టినట్టే, వరండాలో బెంచీ మీద కూర్చుని, జేబులోని ఎర్ర పెన్నుతో ఒక్కో బిల్లు మీద మూల నుంచి మూలకు రెండు గీతలు కొట్టాను. మా దుకాణంలో పైకం చెల్లిన బిల్లుకు అదే గుర్తు. గీత పడ్డ బిల్లు పైకం మళ్లీ ఎవరూ మనల్ని అడగరు. ఇరవై ఆరేళ్లుగా నా చెయ్యి చేస్తున్న పని అది.

బిల్లులు పంపిన మూడు వారాలకు బీమా ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. రద్దయిన బిల్లుల మీద డబ్బు ఇవ్వలేమంది.

"రద్దు కాదమ్మా, పైకం ముట్టిందని గుర్తు."

"ముట్టినట్టు ఎక్కడ రాసుందండీ?"

"ఆ గీతలే."

ఆమె మర్యాదగానే కొత్త బిల్లులు తెప్పించమంది.

విషయం చెబితే మంచం మీది నుంచి నా భార్య తన తొడ మీది కుట్లు చూసుకుంది. "ఆ డాక్టరు పెట్టిన గీత కంటే నువ్వు పెట్టిందే లోతుగ దిగింది," అంది.

బ్యాంకాక్ దవాఖానకు ఉత్తరం మీద ఉత్తరం రాశాను. రెండు బిల్లులకు ముద్ర వేసిన నకళ్లు ఆగస్టులో వచ్చాయి. అంబులెన్సు వాళ్లకు ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. జూన్ దాటిపోయింది. అన్న ఆ ఏడు సరుకు అప్పు మీద తెచ్చాడు. మిత్తి ఎంతని అడిగితే వానల సంగతి ఎత్తాడు.

సెప్టెంబరులో బీమా కంపెనీ నాలుగు లక్షల యాభై నాలుగు వేల రెండు వందలు ఇచ్చింది. దానికి నా ఎనిమిది వేల నాలుగు వందలు కలిపి అదే రోజు కాశిబుగ్గ తీసుకుపోయాను. మిగిలింది అంబులెన్సు బిల్లు. అది నా గీత వల్ల పోయింది కాబట్టి నాదే. జీతంలోంచి నెలకు రెండు వేలు ఇస్తున్నాను.

పద్నాలుగో నెల డబ్బు ఇస్తుంటే అన్న తన పుస్తకంలో నా పేజీ తీశాడు. నా జేబులోని ఎర్ర పెన్ను లాక్కున్నాడు. "ఇగ చాలు తమ్మీ, కొట్టేస్తున్న," అన్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "చెల్లనిదాని మీద గీత వద్దు, అన్నా."

ఆయన నా ముఖం చూశాడు. పెన్ను నా జేబులో పెట్టి టీ చెప్పాడు.

నేటికి బాకీ ఇరవై ఐదు వేల ఎనిమిది వందలు, మిత్తి కాకుండా.