ఎదురుగా నిలబడే సారు

కడపలో మాకు బేస్‌బాల్ నేర్పిన సారు నోటితో చెప్పింది తక్కువ. బ్యాట్ పట్టుకొని మా ఎదురుగా నిలబడి, ఎవరికి నేర్పుతుంటే వాళ్లయిపోయేవాడు. క్రికెట్ ఆడి వచ్చిన పిల్ల ముందు ఆయన బ్యాట్ కూడా నేలకు ఆనేది. బంతికి జడిసే పిల్ల ముందు ఆయన కళ్లూ మూతపడేవి. ఆ తర్వాత ఆ తప్పును తన ఒంట్లోనే మెల్లగా సరిచేసుకునేవాడు. ముందు మడమ తిరిగేది, దాని వెంట నడుము, ఆఖరున చేతులు. చూస్తుండగానే మా ఒళ్లు కూడా దారికొచ్చేది. మిగతా పిల్లలకు అది తమాషా. నాకు మాత్రం అంత ఎండలోనూ ఒళ్లు జలదరించేది.

ఒకరోజు నా ఎదుట నిలబడి సారు ఎడమకాలు ఈడ్చాడు.

"నేనట్ల ఈడ్చను కదా సార్," అన్నా.

ఆయన తన కాలి వంక చూసుకున్నాడు. మొహం పాలిపోయింది.

"ఇంటికి పోమ్మా. ఈ పొద్దు ఆడొద్దు."

నేను నవ్వి, బ్యాట్ ఎత్తినా. ఆ సాయంత్రమే పరుగు తీస్తూ బేస్ పలక మీదికి జారబోయి పడితే ఎడమకాలు విరిగింది. ఇప్పటికీ ఈడుస్తూనే నడుస్తాను.

సారు పోయి శానా కాలమైంది. ఇప్పుడు వేంపల్లెలో పిల్లలకు నేను నేర్పుతున్నా, ఆయన మాదిరే ఎదురుగా నిలబడి. ఈ పొద్దు కొత్తగా చేరిన పిల్ల ముందు నిలబడితే నా కుడిచేయి పైకి లేవలేదు.

"చేయి నొప్పిగా ఉండాదా మేడం?" అనింది ఆ పిల్ల.

నొప్పేమీ లేదు.

"ఇంటికి పోమ్మా," అన్నా. "ఈ పొద్దు ఆడొద్దు."

ఆ పిల్ల నవ్వి, బ్యాట్ ఎత్తింది.