చాయ్‌లో వేసుకున్న మందు

ఓదెలు భీవండి పద్మనగర్‌లో సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్‌ను అక్కడి తెలుగువాళ్లు సాంచ అంటారు. ఆ పనికి చేతులతోపాటు కాళ్లూ గట్టిగా ఉండాలి. పొద్దంతా నిలబడి సాంచాల మధ్య తిరుగుతూనే ఉండాలి. 1998 వానాకాలంలో అతని కుడికాలి బొటనవేలి మీద పుండు లేచింది. ఎన్ని కట్లు కట్టినా మానలేదు.

అతనికి అప్పటికే షుగర్ ఉంది. డాక్టర్ రాసిన గోలీలు అయిపోతే ధామన్కర్ నాకా దగ్గర ఒక మెడికల్ షాపుకు వెళ్లి, "షుగర్ కీ గోలీ దో" అన్నాడు. "చాయ్ వాలీ?", అంటే చాయ్‌దా అని అడిగారు. తను రోజూ చాయ్‌తోనే గోలీ మింగుతాడు కనుక "హా" అన్నాడు. చిన్న డబ్బా ఇచ్చి, చాయ్‌లో వేసుకొమ్మన్నారు.

చాయ్ తియ్యనైంది. షుగరోళ్ల మీద జాలితో కంపెనీవాళ్లు మందును తీపి చేశారనుకున్నాడు. చప్పిడి చాయ్ తప్పిందని భార్య పోచవ్వ కూడా సంతోషించింది. మందు పడుతోంది కదా అన్న ధైర్యంతో అన్నం మారు పెట్టించుకునేవాడు, పైన అరటిపండు.

పక్క సాంచాలు నడిపే సిద్ధిరాములుకూ షుగరే. ఒక మధ్యాహ్నం తన గోలీ ఇంట్లో మరిచి, "ఓదెలన్నా, నీదొకటియ్యే" అని అడిగి నాలుక మీద వేసుకున్నాడు. నీళ్లు తాగబోయి ఆగాడు.

"ఏందే ఇది, పిప్పరమెంటా?"

"షుగర్ గోలీరా."

"షుగర్ తగ్గే గోలీ కాదే ఇది, చక్కెర బదులేసుకునేది! మా అక్క చాయ్‌ల ఏసుకుంటది, మందు వేరే మింగుతది. నువ్వు మందు బంద్ చేసినవా?"

"గిదే మందనుకున్న తమ్మీ."

సిద్ధిరాములు అతని కాలికట్టు వైపు చూశాడు. "నడువ్ దవాఖానకు."

"సేఠ్ తిడుతడురా."

"కాలు పోతె సేఠ్ ఇస్తడా?"

ఆ గోలీ తీపినిస్తుందే తప్ప రక్తంలో షుగర్‌ను దించదని డాక్టర్ చెప్పాడు. మందు ఆగి, తిండి పెరిగి, షుగర్ ఎక్కింది. పుండు మానకపోవడానికి అదే కారణం. ఇంకా ఆలస్యమైతే వేలు తీయాల్సి వచ్చేదన్నాడు. ఓదెలు సూదులతో, కట్లతో ఇంట్లో ఉన్నన్నాళ్లూ సిద్ధిరాములు తన సాంచాలతోపాటు అతనివీ చూశాడు.

దసరానాటికి పుండు ఎండింది. ఓదెలు జమ్మి ఆకు తీసుకొని సిద్ధిరాములు ఉండే ఖోలీకి నడిచి వెళ్లాడు. ఆకు చేతిలో పెట్టి వంగాడు.

"ఏయ్ అన్నా! పెద్దోనివి, నా కాళ్లు మొక్కుతవా? నాకు పాపం తగులుతది."

"తగలనియ్‌రా. నీ వల్లనే నడిచొచ్చి మొక్కేందుకు నా కాలు మిగిలింది."

సిద్ధిరాములు అతన్ని లేపి అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. మర్నాడు ఇద్దరూ కలిసే పనికి బయలుదేరారు, కొంచెం కుంటుతూ ఓదెలు, అతని కోసం అడుగు తగ్గించి సిద్ధిరాములు.